డొమైన్ మీద డబ్బు పెట్టేముందు: డాట్ కామ్‌కా, కొత్త ఎక్స్‌టెన్షన్‌కా?

భోగాపురం విమానాశ్రయం పుణ్యమా అని విజయనగరం చుట్టుపక్కల భూముల ధరల గురించి మాట్లాడని టీ కొట్టు లేదు. ఆ వేడి ఇప్పుడు ఇంటర్నెట్ పేర్లకూ, అంటే డొమైన్లకూ అంటుకుంది. ఊరి పేరుకు 'ప్లాట్స్' అనో 'విల్లాస్' అనో తగిలించి డాట్ కామ్ కోసం వెతుకుతారు. అది ఎవరో ఎప్పుడో తీసేసుకున్నారని తెలుస్తుంది. అప్పుడు డాట్ ల్యాండ్, డాట్ ఎక్స్‌వైజెడ్, డాట్ ఆన్‌లైన్ లాంటి కొత్త ఎక్స్‌టెన్షన్ల వైపు, అంటే పేరు చివర చుక్క తర్వాత వచ్చే తోకల వైపు చూస్తారు. మొదటి ఏడాది వంద రూపాయలే అన్న ప్రకటన కనిపించగానే నాలుగైదు పేర్లు ఒకేసారి కొనేస్తారు. మూలపేట ఓడరేవు పేరు చెప్పుకుని శ్రీకాకుళం వైపూ ఇదే వరస. చిన్న వ్యాపారులకు వెబ్‌సైట్లు చేసిపెట్టే పనిలో ఉన్నాను కాబట్టి "ఇవి కొంటే లాభమేనా?" అన్న ప్రశ్న నా దగ్గరికి తరచూ వస్తుంది. నా జవాబు ముందే చెప్పేస్తాను. తిరిగి అమ్మి లాభం చూద్దామనుకుంటే కొత్త ఎక్స్‌టెన్షన్లను చాలావరకు వదిలేయండి. మీరే వాడుకోవడానికైతే కొన్నిటిని నిశ్చింతగా తీసుకోవచ్చు. మీరు చూస్తున్న పేరు ఏ కోవలోకి వస్తుందో తేల్చుకునే పద్ధతి ఇది.

మొదటి పని: వాడకానికా, అమ్మకానికా అన్నది రాసి పెట్టుకోండి

పలాసలో జీడిపప్పు అమ్ముతున్నవారికి, పొందూరు ఖద్దరును ఇతర ఊళ్లకు పంపుతున్నవారికి, బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణలు చేయిస్తున్నవారికి డొమైన్ అంటే దుకాణం బోర్డు. ఏడాదికి రెండు వేలు ఖర్చయినా దానివల్ల వచ్చే ఆర్డర్లే ఆ ఖర్చును మోస్తాయి. అమ్మకానికి కొన్న పేరు అలా కాదు. కొనేవాడు దొరికేదాకా అది ఏటేటా మీ జేబులోంచి తింటూనే ఉంటుంది. "ప్రస్తుతానికి వాడతాను, మంచి ధర వస్తే అమ్మేస్తాను" అనేవారు చాలామంది ఉంటారు. అలాంటివారు అమ్మకం లెక్కే వేసుకోవాలి, ఎందుకంటే వాడకం ఎప్పటికీ మొదలు కాదు.

రెండో పని: మీకు దక్కేది ఏమిటో తెలుసుకోండి

డొమైన్‌ను స్థలంతో పోల్చి అమ్మేవారు ఒక సంగతి దాచిపెడతారు. స్థలం కొంటే మీ పేరున పట్టా వస్తుంది. డొమైన్‌లో మీకు వచ్చేది కౌలు హక్కు మాత్రమే. ఒకేసారి గరిష్ఠంగా పదేళ్లకు కట్టవచ్చు, ఆ తర్వాత మళ్లీ కట్టాలి. ఇందులో ముగ్గురు ఉంటారు. నియమాలు పెట్టేది ఐకాన్ అనే సంస్థ. ఒక్కో ఎక్స్‌టెన్షన్‌ను నడిపేది రిజిస్ట్రీ. మీకు అమ్మేది రిజిస్ట్రార్. డాట్ కామ్‌కు వెరిసైన్ రిజిస్ట్రీ, డాట్ ఇన్‌కు మన దేశంలోని నిక్సీ. మీరు ఏ రిజిస్ట్రార్ దగ్గర కొన్నారన్నది పెద్ద విషయం కాదు, నచ్చకపోతే మార్చుకోవచ్చు. రిజిస్ట్రీని మాత్రం మార్చుకోలేరు. మీ భవిష్యత్తు ఖర్చు దాని చేతిలో ఉంటుంది.

డాట్ కామ్ 1985 నుంచి ఉంది. ఈనాటి కొత్త ఎక్స్‌టెన్షన్లకు మూలం 2012లో ఐకాన్ పిలిచిన దరఖాస్తులు. ఒక్కో దరఖాస్తుకు 1,85,000 డాలర్ల రుసుము పెట్టినా 1,930 దరఖాస్తులు వచ్చాయి. 2013 అక్టోబరు నుంచి అవి ఒక్కొక్కటిగా వాడుకలోకి వచ్చాయి. మొత్తం 1,200కు పైగా. అంత పెట్టుబడి పెట్టిన సంస్థలు దాన్ని మన దగ్గరే రాబట్టుకోవాలి కదా. ఆ సంగతి గుర్తుంచుకుంటే తర్వాత చెప్పే ధరల కథ సులువుగా అర్థమవుతుంది. అన్నీ నిలదొక్కుకోలేదు కూడా. పెళ్లిళ్ల కోసమని వచ్చిన డాట్ వెడ్‌ను దాని సంస్థ నడపలేక చేతులెత్తేస్తే 2017లో అత్యవసర నిర్వాహకుడికి అప్పగించవలసి వచ్చింది.

మూడో పని: మొదటి ఏడాది ధర చూడకండి, రెన్యువల్ ధర చూడండి

ఈ వ్యాసంలో ఒక్క భాగమే చదివే ఓపిక ఉంటే ఇదే చదవండి.

పేరు వెతకగానే పెద్ద అక్షరాల్లో కనిపించేది మొదటి ఏడాది ధర. దాని కింద చిన్న అక్షరాల్లో రెన్యువల్ ధర ఉంటుంది. కొన్నిచోట్ల పేరును కార్ట్‌లో వేసి ఒకటికి బదులు రెండేళ్లు ఎంచుకుంటేగాని అది బయటపడదు. అలా చేసి చూడండి. వంద రూపాయలకు వచ్చిన పేరుకు రెండో ఏడాది రెండు వేలో, మూడు వేలో, అంతకన్నా ఎక్కువో అడగడం కొత్త ఎక్స్‌టెన్షన్లలో మామూలే. పైగా 18 శాతం జీఎస్టీ. డాట్ కామ్ మాత్రం వెయ్యి నుంచి పదిహేను వందల మధ్య, డాట్ ఇన్ సాధారణంగా అంతకంటే తక్కువకు, ఏడాది తర్వాత ఏడాది దాదాపు అదే తీరులో నడుస్తాయి.

ఈ తేడా యాదృచ్ఛికం కాదు. వెరిసైన్ డాట్ కామ్ టోకు ధర పెంచాలన్నా ఒప్పందంలో హద్దు ఉంది: ఆరేళ్ల కాలంలో చివరి నాలుగేళ్లు మాత్రమే, అదీ ఏడాదికి 7 శాతం మించకుండా. 2024 సెప్టెంబరులో ఆ టోకు ధర 10.26 డాలర్లకు చేరింది. కొత్త ఎక్స్‌టెన్షన్లకు అలాంటి హద్దు లేదు. ఆరు నెలల ముందు నోటీసు ఇస్తే చాలు, రిజిస్ట్రీ తన ఇష్టం వచ్చినంత పెంచుకోవచ్చు. 2017లో యూనిరిజిస్ట్రీ అనే సంస్థ తన ఎక్స్‌టెన్షన్లలో కొన్నిటి ధరలను కొన్ని రెట్లు పెంచుతున్నట్టు ప్రకటించింది. డాట్ హోస్టింగ్ లాంటివి ఇరవై డాలర్ల దరిదాపుల నుంచి ఏకంగా మూడు వందలకు వెళ్లాయి. గొడవ జరిగాక పాత ఖాతాదారులకు కొంత ఊరట ఇచ్చారు. ఆ ఊరట వాళ్ల దయ, మన హక్కు కాదు. పెంపు నోటీసు వచ్చిన ఆరు నెలల్లో పాత ధరకే పదేళ్లకు కట్టేయడం ఒక్కటే మన చేతిలో ఉన్న ఉపాయం. అదీ పేరును నిజంగా వాడుకుంటున్నప్పుడే అర్థవంతం.

'ప్రీమియం' అని గుర్తు పెట్టిన పేర్లతో ఇంకా జాగ్రత్త. చిన్న మాట, అందమైన మాట అయితే రిజిస్ట్రీయే దాన్ని పక్కన పెట్టి ఎక్కువ ధర కడుతుంది. కొన్నిటికి ఆ ఎక్కువ ధర ఒక్కసారే, కొన్నిటికి ప్రతి ఏడాదీ. ప్రతి ఏడాదీ కట్టవలసిన ప్రీమియం పేరును తిరిగి అమ్మడం దాదాపు అసాధ్యం. కొనేవాడికీ ఆ బరువే కదా అంటగట్టేది.

ఇప్పుడు కాగితం తీసుకుని లెక్క వేయండి. డాట్ కామ్ పేర్లు యాభై ఉన్నాయనుకోండి, ఒక్కోదానికి 1,300 చొప్పున ఏడాదికి 65,000. అవే కొత్త ఎక్స్‌టెన్షన్లలో 3,500 చొప్పున అయితే 1,75,000. ఈ వ్యాపారంలో ఉన్నవాళ్లు సాధారణంగా చెప్పుకునే మాట ఏమిటంటే నూరు పేర్లు పెట్టుకుంటే ఏడాదికి ఒకటో రెండో అమ్ముడుపోతాయి. అంటే మీ యాభైలో ఒకటి అమ్మితే అదృష్టం. ఆ ఒక్కటి డాట్ కామ్ అయితే 65,000 రాబట్టాలి, కొత్తదైతే 1,75,000. అమ్మకం వేదిక కోసుకునే కమీషన్ పది నుంచి ఇరవై అయిదు శాతం దాకా ఉంటుంది, అది వేరు. అసలు కొనేవాళ్లు తక్కువగా ఉన్న సరుకుకు ఎక్కువ ధర రావాలనడమే ఈ లెక్కలో చిక్కు.

నాలుగో పని: కొనేవాళ్ల పేర్లు రాయండి

"ఎవరో ఒకరు కొంటారు" అన్నది జవాబు కాదు. ఆ పేరు అవసరమయ్యే ముగ్గురు నిజమైన మనుషులనో సంస్థలనో రాయగలగాలి. అంతేకాదు, వాళ్ల దగ్గర ఇప్పటికే వెబ్‌సైట్ ఉందా, దానికి ఏ పేరు వాడుతున్నారు, మారడానికి వాళ్లకేం కారణం ఉంది అని చూడాలి. రాజాం వైపు జనపనార మిల్లు యజమానికి డాట్ జ్యూట్ లాంటి ముద్దొచ్చే పేరు ఇస్తామన్నా ఆయన తన పాత పేరు వదలడు. ఆయన సరుకు కొనేవాళ్లు ఏళ్ల తరబడి ఆ పేరుకే మెయిల్ పంపుతున్నారు. (డాట్ జ్యూట్ లేదు లెండి, ఉదాహరణకు చెప్పాను.)

తర్వాత ఫోనులో పరీక్ష పెట్టండి. ఇంట్లో ఎవరికైనా ఫోను చేసి మీ డొమైన్ ఒక్కసారే చెప్పి, రాసి వాట్సాప్‌లో పంపమనండి. "డాట్ ఎక్స్‌వైజెడ్" అంటే అవతలివారు "ఆ తర్వాత డాట్ కామ్ పెట్టాలా?" అని అడగడం ఖాయం. వేరే ఎక్స్‌టెన్షన్‌తో మీరు ప్రచారం చేసుకుంటే, అదే పేరు డాట్ కామ్ ఉన్నవాడికి మీ ఖర్చుతో జనం వెళుతుంటారు. ఆ డాట్ కామ్‌లో మీ పోటీదారు ఉంటే చెప్పేదేముంది.

తెలుగు మాటల పేర్లకు ఇంకో తిప్పలు ఉంది: ఆంగ్ల అక్షరాల్లో వాటికి ఒకే రూపం ఉండదు. జీడిపప్పును రెండు 'ఈ'లతో రాసేవారున్నారు, ఒక 'ఐ'తో రాసేవారున్నారు, 'జెడ్'తో మొదలుపెట్టేవారూ ఉన్నారు. విజయనగరం సంగతి మరీ ఇబ్బంది. మన ఊరి అధికారిక ఆంగ్ల రూపంలో 'జెడ్' ఉంటుంది. 'జె' పెట్టి రాస్తే హంపీ సామ్రాజ్యం, కర్ణాటకలో 2021లో ఏర్పడిన జిల్లా, బెంగళూరులోని పేట అన్నీ ఎదురొస్తాయి. అక్షరక్రమంలో ఇంత సందిగ్ధం ఉన్నచోట ఎక్స్‌టెన్షన్ కూడా కొత్తదైతే వినేవారికి రెండు చోట్ల తప్పే అవకాశం ఇచ్చినట్టే. పేరు ఎంత గజిబిజిగా ఉంటే ఎక్స్‌టెన్షన్ అంత పాతదిగా ఉండాలన్నది నేను పాటించే సూత్రం.

ఐదో పని: అడిగిన ధర కాదు, అమ్ముడైన ధర చూడండి

నేమ్‌బయో అనే సైటులో బయటికి వెల్లడైన పాత అమ్మకాలు దొరుకుతాయి. మీ పేరును పోలిన పేర్లు, అదే ఎక్స్‌టెన్షన్‌తో ఎంతకు పోయాయో అక్కడ వెతకండి. అమ్మకానికి పెట్టిన పేర్ల పక్కన లక్షల ధరలు చూసి మోసపోవద్దు, ధర పెట్టుకోవడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు.

పెద్ద అమ్మకాలు రెండు వైపులా ఉన్నాయి. వాయిస్ డాట్ కామ్ 2019లో 3 కోట్ల డాలర్లకు పోయింది. కొత్తవాటిలో వెకేషన్ డాట్ రెంటల్స్ 2018లో 5,00,300 డాలర్లకు అమ్ముడైంది. ఈ రెండో అమ్మకాన్ని జాగ్రత్తగా గమనించండి. చుక్కకు అటూ ఇటూ ఉన్న మాటలు కలిసి ఆ వ్యాపారంలో అందరూ వాడే ఒకే పదబంధం అయ్యాయి. హోమ్ డాట్ లోన్స్ కూడా అలాంటిదే. కొత్త ఎక్స్‌టెన్షన్‌లో తిరిగి అమ్మకానికి పనికొచ్చేది ఈ ఒక్క రకమే. కాని అలాంటి పేర్లను రిజిస్ట్రీలు ముందే ప్రీమియంలో పెట్టేశాయి. మనకు మామూలు ధరకు మిగిలేవి 'భోగాపురం డాట్ క్లబ్' లాంటివి.

ఆరో పని: ఎక్స్‌టెన్షన్ పరువు చూడండి

ఎక్స్‌టెన్షన్ కొత్తదైతే గూగుల్ వెతుకులాటలో వెనకబడతామన్న భయం అక్కరలేదు. అన్నిటినీ ఒకేలా చూస్తామని గూగుల్ 2015లోనే చెప్పింది. ఆ ఏడాదే దాని మాతృసంస్థ ఆల్ఫాబెట్ ఏబీసీ డాట్ ఎక్స్‌వైజెడ్ అనే చిరునామా పెట్టుకుంది. ఇబ్బంది వేరేచోట ఉంది. చవగ్గా దొరికే ఎక్స్‌టెన్షన్లను మోసగాళ్లు గుంపులుగా కొంటారు. అందుకే కొన్ని కంపెనీల మెయిల్ వ్యవస్థలు వాటిని ముందే అనుమానిస్తాయి. మీరు పంపిన కొటేషన్ అవతలివారి స్పామ్ పెట్టెలో పడుతుంది. నకిలీ సైట్ల ఫిర్యాదులను సరిగా పట్టించుకోవడం లేదని డాట్ టాప్ రిజిస్ట్రీకి ఐకాన్ 2024లో ఉల్లంఘన నోటీసు ఇచ్చింది.

ఇటువైపు డాట్ ఇన్ పరువు పెరుగుతోంది. బ్యాంకులన్నీ 2025 అక్టోబరు 31లోగా బ్యాంక్ డాట్ ఇన్ చిరునామాలకు మారాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. ఆ పేర్లు ఇచ్చే పని హైదరాబాదులో తానే స్థాపించిన బ్యాంకింగ్ సాంకేతిక సంస్థ ఐడీఆర్‌బీటీకి అప్పగించింది. డాట్ ఇన్ అంటే నమ్మదగినదని జనానికి అలవాటు చేయడానికి ఇంతకన్నా పెద్ద ప్రచారం ఏముంటుంది?

డాట్ ఏఐ, డాట్ ఐఓ, డాట్ కో మాటేమిటి?

ఇవి 2012 తర్వాత వచ్చిన కొత్తవి కావు, దేశాలకూ ప్రాంతాలకూ కేటాయించిన కోడ్‌లు. డాట్ ఏఐ అంగ్విల్లా అనే దీవిది. మన ఆమదాలవలస జనాభాలో సగం కూడా ఉండని ఆ దీవి 2023లో ఈ పేర్ల మీద సుమారు 3 కోట్ల 20 లక్షల డాలర్లు సంపాదించింది. వీటిలో నిజంగా అమ్మకాలు జరుగుతున్నాయి, కాదనను. కాని డాట్ ఏఐ కనీసం రెండేళ్లకు తీసుకోవాలి, ఖరీదూ ఎక్కువే. నియమాలు ఆ దేశం చేతిలో ఉంటాయి. డాట్ ఐఓ కేటాయించిన చాగోస్ దీవులను మారిషస్‌కు అప్పగిస్తామని బ్రిటన్ 2024లో ప్రకటించగానే ఆ ఎక్స్‌టెన్షన్ భవిష్యత్తు మీద అనుమానాలు మొదలయ్యాయి. ఉచితంగా పంచిపెట్టిన డాట్ టీకే మోసగాళ్ల అడ్డా అయి, పంచిన సంస్థ చివరికి ఆ వ్యాపారం నుంచే తప్పుకుంది. మీరు కృత్రిమ మేధ కంపెనీలు నడిపేవారితో రోజూ మాట్లాడే మనిషైతే తప్ప డాట్ ఏఐ జోలికి పోవద్దు.

ఏడో పని: డాట్ ఇన్ పెట్టుకోండి, డాట్ భారత్ ఆలోచించండి

డాట్ ఇన్ 2005లో అందరికీ తెరిచారు. ఇందులో మీ వివరాలు దాచుకునే సదుపాయం లేదు, గుర్తింపు పత్రాలు అడుగుతారు. నకిలీగాళ్లకు ఇది అడ్డు కాబట్టి మనకు మంచిదే. మన జిల్లాల్లో కొనుగోలుదారులు ఉన్న వ్యాపారానికి డాట్ కామ్ దొరక్కపోతే నేరుగా డాట్ ఇన్‌కు వెళ్లండి, మధ్యలో మరెక్కడా ఆగనక్కరలేదు.

తెలుగు లిపిలో డాట్ భారత్ కూడా ఉంది. బొబ్బిలి వీణ అని తెలుగులోనే చిరునామా పెట్టుకోవచ్చు. లోపల కంప్యూటర్లు దాన్ని 'ఎక్స్ఎన్' అని మొదలయ్యే అర్థంకాని ఆంగ్ల అక్షరాల వరుసగా మార్చుకుంటాయి. కొన్ని యాప్‌లలో లింకు పంపితే ఆ వికారమైన రూపమే కనిపిస్తుంది. మెయిల్ చిరునామాగా ఇస్తే చాలా ఫారాలు ఒప్పుకోవు. కాబట్టి అసలు సైటు డాట్ ఇన్‌లో ఉంచి, డాట్ భారత్‌ను దానికి దారి మళ్లించండి. తిరిగి అమ్మే ఆశతో మాత్రం దీన్ని కొనవద్దు, ఆ సంత ఇంకా మొదలే కాలేదు.

ఎనిమిదో పని: ఇతరుల పేరు ముట్టుకోకండి

పేరున్న కంపెనీ డొమైన్ మీరు ముందు కొన్నంత మాత్రాన అది మీది కాదు. సత్యం ఇన్ఫోవే, సిఫీనెట్ అనే రెండు కంపెనీల మధ్య కేసులో సుప్రీంకోర్టు 2004లోనే డొమైన్ పేరుకు ట్రేడ్‌మార్కు తరహా రక్షణ ఉంటుందని తేల్చింది. డాట్ కామ్‌కూ కొత్త ఎక్స్‌టెన్షన్లకూ ఐకాన్ వివాద విధానం, డాట్ ఇన్‌కు నిక్సీ వివాద విధానం ఉన్నాయి. రెండింటిలోనూ దురుద్దేశంతో కొన్నారని తేలితే పైసా ఇవ్వకుండా పేరు లాగేసుకుంటారు. కొనేముందు కేంద్ర ట్రేడ్‌మార్కు రిజిస్ట్రీ సైటులో ఉచితంగా వెతకండి. బొబ్బిలి వీణ, బుడితి కంచు ఇత్తడి సామాను లాంటి భౌగోళిక గుర్తింపు ఉన్న పేర్లను ఆ చేతిపనితో సంబంధం లేనివారు పట్టుకుని కూర్చోవడం చట్టానికీ, మర్యాదకూ సరిపడదు.

తొమ్మిదో పని: కొన్నాక చేయవలసినవి

పేరు మీ సొంత మెయిల్‌తో, మీ సొంత ఖాతాలో ఉండాలి. వెబ్‌సైట్ చేసినవాడి ఖాతాలో పేరు ఉండిపోయి, వాడు ఊరు మారిపోయాక యజమాని అయోమయంలో పడటం మన వైపు నిత్యం జరిగేదే. రెండంచెల లాగిన్ పెట్టండి, పేరు వేరే ఖాతాకు వెళ్లిపోకుండా బదిలీ లాక్ వేసి ఉంచండి. పాత పేరు కొంటుంటే, వెబ్‌సైట్ల పాత రూపాలను భద్రపరిచే వేబ్యాక్ మెషీన్‌లో దాని గతం చూడండి, జూదం సైటుగా నడిచిన పేరైతే వద్దు. గడువు మరిచిపోయినా డాట్ కామ్‌కూ, చాలా కొత్తవాటికీ కొన్ని వారాల వెసులుబాటు ఉంటుంది. అది దాటితే ముప్పై రోజుల పాటు భారీ జరిమానాతో విడిపించుకోవచ్చు. ఆ తర్వాత అయిదు రోజులకు పేరు ఎవరికైనా దక్కుతుంది.

అమ్మేటప్పుడు రెండు మోసాలు తప్పక ఎదురవుతాయి. "మీ పేరు కొంటాం, ముందు ఫలానా చోట విలువ ధ్రువపత్రం తెచ్చుకోండి" అనేవాడు ఆ పత్రం రుసుము కోసమే వచ్చాడు. "మీ పేరును ఇతర ఎక్స్‌టెన్షన్లలో ఎవరో కొనేస్తున్నారు, వెంటనే మీరు తీసుకోండి" అని మెయిల్ పంపేవాడు ఆ ఎక్స్‌టెన్షన్లు అమ్ముకునేవాడే. నిజమైన బేరమైతే ఎస్క్రోలో, అంటే బేరం పూర్తయ్యేదాకా డబ్బు తన దగ్గర ఉంచుకునే మధ్యవర్తి దగ్గర డబ్బు జమ అయ్యాకే పేరు బదిలీ కోడ్ ఇవ్వండి.

ఇక పది వేలు చేతిలో ఉన్నవారికి నా పంపకం ఇలా ఉంటుంది: వ్యాపారం పేరుతో ఒక డాట్ కామ్, ఒక డాట్ ఇన్, రెండూ మూడేసి ఏళ్లకు. ఏదైనా కొత్త ఎక్స్‌టెన్షన్‌లో రెండు మాటలూ కలిసి సహజంగా పలికే పేరు దొరికి, దాని రెన్యువల్ రెండు వేలలోపు ఉంటే ఒక్కటి. మిగిలిన డబ్బు సైటులో మంచి ఫొటోలకు ఖర్చు పెట్టండి.

ఇప్పటికే పేర్లు పోగేసి ఉంటే అన్నిటికీ ఆటో రెన్యువల్ ఆపేసి, గడువుకు నెల ముందు ఫోనులో గుర్తు పెట్టుకోండి. రెండేళ్లలో ఒక్క విచారణా రాని పేరును ఆ నెలలో వదిలేయండి. సైటు నడుస్తున్న పేరుకు మాత్రం ఆటో రెన్యువల్ మళ్లీ పెట్టి, ఖాతాలోని కార్డు గడువు తీరిందేమో కూడా చూసుకోండి.